కొత్త జెర్బిల్‌ని పాతదానితో కలపాలంటే: మధ్యలో జాలీ, కొన్ని వారాల ఓపిక

జెర్బిల్ అంటే ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువు. దానికి తనవాళ్లెవరో, పరాయివాళ్లెవరో చెప్పేది వాసనే. మంగోలియా గడ్డినేలల్లో ఒక్కో కుటుంబం పొట్ట మీదుండే గ్రంథిని నేలకి రుద్దుకుంటూ తన హద్దు గుర్తు పెట్టుకుంటుంది. ఆ వాసన లేని జెర్బిల్ లోపలికొస్తే తరిమి కొడుతుంది. అక్కడైతే పారిపోవడానికి చోటుంటుంది, గాజు ట్యాంకులో ఉండదు. అందుకే "కాసేపు కొట్టుకుని అవే సర్దుకుంటాయిలే" అని వదిలేస్తే తెల్లారేసరికి ఒకటి చచ్చి పడి ఉండొచ్చు. రెండిటికీ ఒకే వాసన పట్టేదాకా వాటి మధ్య జాలీ ఉండాలి.

ముందు ఎవరిని ఎవరితో కలుపుతున్నారో చూసుకోండి. జోడీ చనిపోయి ఒంటరిగా మిగిలిన మగదానికి 6 నుంచి 8 వారాల మగపిల్లని తెస్తే పని చాలావరకు సులువవుతుంది. ఎదిగిన రెండు మగవి కూడా తరచూ కలుస్తాయి. ఎదిగిన రెండు ఆడవి కలవడమే అన్నిటికన్నా కష్టం. ఇక సఖ్యంగా ఉన్న జంటలోకి మూడోదాన్ని తేవద్దు. కొత్తది ఇమడకపోవడం ఒక్కటే కాదు, ఉన్న జంట కూడా విడిపోయే ప్రమాదం ఉంది. ఇంకా కావాలనిపిస్తే వేరే ట్యాంకులో వేరే జంటని పెంచండి.

షాపువాళ్లు మగదని చెప్పారని నమ్మేయకండి. మలద్వారానికీ మూత్రద్వారానికీ మధ్య దూరం మగదానికి ఎక్కువ, ఆడదానికి బాగా తక్కువ. ఎదిగిన మగదానికి తోక మొదట్లో వృషణాల ఉబ్బు కనిపిస్తుంది. ఇక్కడ పొరబడితే 24 నుంచి 26 రోజుల్లో పిల్లలు పుడతాయి, ఈనిన కొద్ది గంటల్లోనే తల్లి మళ్లీ కట్టవచ్చు.

 

కొత్తదాన్ని తెచ్చిన మొదటి రెండు వారాలు వేరే గదిలో ఉంచండి. తుమ్ములు, ముక్కు చుట్టూ ఎరుపు, బొచ్చు రాలడం, విరేచనాలు ఉంటే ముందు పశువైద్యుడికి చూపించండి. రోజూ పాతదానికి మేత పెట్టాకే కొత్తదాని దగ్గరికి వెళ్లండి, మధ్యలో చేతులు కడుక్కోండి.

తర్వాత జాలీ ట్యాంకు. 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు ఉన్న 10 గ్యాలన్ల గాజు ట్యాంకు సరిపోతుంది. ఇంత చిన్నదా అనిపిస్తుంది కానీ ఈ పనికి చిన్నదే మంచిది. పెద్ద జాగా ఇస్తే చెరో మూలా తనదంటుంది. మధ్యలో పెట్టే ఇనుప జాలీ కన్ను పావు అంగుళం మించకూడదు. అర అంగుళం కన్నులోంచి ముక్కు దూరుతుంది, అవతలిది కొరుకుతుంది. ఫ్రేము కూడా ఇనుముదే ఉండాలి, చెక్కని కొరికి తొలిచేస్తాయి. జాలీ అడుగు గాజుకే తగలాలి, అడుగున పరిచే చెక్క పొట్టు మీద నిలబెడితే కిందనుంచి తవ్వి అవతలికి పోతాయి. పైన మూతదాకా రావాలి, పక్కన వేలు దూరేంత సందు కూడా మిగలకూడదు. ఒక్క రాత్రి జాలీ కదిలినా ఇన్నాళ్ల పనీ పోతుంది, ప్రాణమూ పోవచ్చు. అందుకే బిగించాక చేత్తో గట్టిగా నెట్టి చూడండి.

ఆస్పెన్ చెక్క పొట్టు రెండంగుళాలు పోస్తే చాలు. రెండు వైపులా నీళ్ల సీసా, మేత, కొన్ని టిష్యూ కాగితాలు పెట్టండి. చక్రం, ఇల్లు, ఇసుక గిన్నె వద్దు.

రోజుకి రెండు మూడుసార్లు వాటిని అటూ ఇటూ మార్చండి. జెర్బిల్స్ మాత్రమే మారాలి, పొట్టూ గూడూ ఎక్కడివక్కడే ఉండాలి. అలా ఒకటి రెండోదాని వాసనలో పడుకుంటుంది. అట్ట గొట్టంలోకో కప్పులోకో ఎక్కించుకుని ఎత్తండి. తోక పట్టుకుని ఎప్పుడూ ఎత్తకండి, తోక చర్మం ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. ఈ రోజుల్లో ట్యాంకు శుభ్రం చేయకండి, కడిగితే వాసన పోయి పని మొదటికొస్తుంది. రెండిటికీ సెంటు రాస్తే చాలనే సలహా వింటారు. దానివల్ల వాటి అసలు వాసన కాసేపు మరుగున పడుతుందే తప్ప ఒకటవ్వదు.

వారం కన్నా ముందు జాలీ తీయకండి. చాలావాటికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, ఎదిగిన ఆడవాటికి మూడు నాలుగు వారాలైనా పట్టొచ్చు. రోజుల లెక్క కన్నా ప్రవర్తన ముఖ్యం. జాలీని కొరకడం, దానిమీదికి దూకడం మానేసి, ఇద్దరూ దానికి ఆనుకుని పడుకుంటుంటే, అటూ ఇటూ మార్చినప్పుడు కంగారు లేకుండా అవతలి గూట్లోకి దూరి నిద్రపోతుంటే సమయం వచ్చినట్టే.

జాలీ తీసేది సెలవు రోజు ఉదయాన, మరుసటి రోజు కూడా మీరు ఇంట్లోనే ఉండేలా చూసుకోండి. మందపాటి తోలు గ్లౌజులు తొడుక్కోండి, ఒక చిన్న చేట పక్కన ఉంచుకోండి. అదే ట్యాంకులో జాలీ తీసేసి, రెండు వైపుల పొట్టూ కలిపి, మేత అంతటా చల్లండి. మూతులు వాసన చూసుకోవడం, ఒకటి తలొంచి గెడ్డం కిందికి దూరితే రెండోది బొచ్చు నాకడం మంచి గుర్తులు. ఒకదానిమీద ఒకటి ఎక్కడం, అప్పుడప్పుడు కొద్దిగా తరమడం పెద్దరికం తేల్చుకోవడమే. బొచ్చు పొంగించి, వీపు వంచి పక్కవాటుగా జరుగుతుంటే మాత్రం వెంటనే చేట అడ్డం పెట్టండి. బంతిలా చుట్టుకుని దొర్లితే అది అసలైన పోరు, క్షణం ఆలస్యం చేయకుండా గ్లౌజు చేత్తో విడదీయండి. ఉత్త చేతులు పెడితే వేలు చీరుకుపోతుంది.

మొదటి నాలుగు గంటలు మీరు అక్కడినుంచి కదలకుండా వాటిని గమనించండి, ఆ రోజంతా అదే గదిలో ఉండండి. ఒకే గూట్లో ముద్దగా పడుకున్నాయంటే పని అయినట్టే. రాత్రికి అనుమానం మిగిలితే జాలీ మళ్లీ పెట్టేయండి.

రక్తం వస్తే, అది ఎక్కువగా తోక మొదట్లోనో పిరుదుల మీదో కనిపిస్తుంది, విడదీసి ఉప్పునీటితో తుడవండి. లోతైన గాయమైతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. గాయం మానాక మొదటినుంచి, ఈసారి రెట్టింపు రోజులు. రెండోసారీ అలాగే అయితే ఆ రెండిటినీ ఇక కలపకండి.

కలిశాక వారం రోజులు ఆ చిన్న ట్యాంకులోనే ఉంచి, తర్వాత పాత పొట్టుతోనే కొంచెం పెద్దదానిలోకి మార్చండి. ఇల్లు, సొరంగాలు ఒక్కొక్కటిగా ఇవ్వండి. చక్రం అన్నిటికన్నా ఆఖరున, దానికోసమే తగువులొస్తాయి. మొదటి నెల శుభ్రం చేసినప్పుడు మూడో వంతు పొట్టే మార్చండి. ఒకటి రోజూ గూటి బయట ఒంటరిగా పడుకుంటున్నా, రెండోది కనిపించగానే మూలకి నక్కుతున్నా ట్యాంకు మళ్లీ చిన్నది చేసేయండి.