పైథాన్ విలువలను సీ కోడ్‌లోకి జాగ్రత్తగా తీసుకోవడం ఎలా

పైథాన్‌లో రాసిన ప్రోగ్రాముకు వేగం కోసం సీ ఎక్స్‌టెన్షన్ (సీ భాషలో రాసి పైథాన్ నుండి పిలిచే మాడ్యూలు) జోడించినప్పుడు, అంకె అయినా, స్ట్రింగు అయినా, లిస్టు అయినా మన ఫంక్షనుకు పైఆబ్జెక్ట్ పాయింటరు (మెమరీలో ఆ ఆబ్జెక్టు ఉన్న చోటును చూపే చిరునామా) రూపంలోనే అందుతుంది. లోపల ఉన్నది ఏ రకమో కంపైలరుకు తెలియదు కనుక ఆ పరీక్ష మనమే చేయాలి. అది కూడా ఫంక్షను మొదట్లోనే చేసి, విలువను సీ రకంలోకి మార్చుకుని, ఆ తరువాతి లెక్కలన్నీ సీ విలువలతోనే నడిపించడం మేలు.

పూర్ణాంకాన్ని తీసుకునే పైలాంగ్_యాజ్‌లాంగ్ విఫలమైతే -1 ఇచ్చి, ఎక్సెప్షన్‌ను (తప్పు జరిగిందన్న సూచనను) నమోదు చేస్తుంది. అయితే వాడుకరి నిజంగానే -1 పంపి ఉండవచ్చు. అందువల్ల -1 వచ్చినప్పుడల్లా ఎక్సెప్షన్ నమోదై ఉందో లేదో చెప్పే పైఎర్_అకర్డ్‌ను పిలిచి, ఉందని తేలితే వెంటనే నల్ తిరిగి ఇవ్వాలి. ఈ పరీక్షను వదిలేసి మామూలు ఫలితాన్ని తిరిగి ఇస్తే, ఎక్సెప్షన్ ఉండగానే ఫలితం వచ్చిందంటూ పైథాన్ సిస్టమ్‌ఎర్రర్ చూపుతుంది, అసలు తప్పు ఏ వరుసలో జరిగిందో వెతుక్కోవడం మన వంతవుతుంది. మరొక చిక్కు, 64 బిట్ల విండోస్‌లో కూడా లాంగ్ రకం 32 బిట్లే కావడం: లినక్స్‌లో సాఫీగా నడిచిన 300 కోట్ల విలువ అక్కడ ఓవర్‌ఫ్లోఎర్రర్ అవుతుంది కాబట్టి పైలాంగ్_యాజ్‌లాంగ్‌లాంగ్ వాడాలి. బూల్ అనేది ఇంట్‌కు ఉపతరగతి కనుక పైలాంగ్_చెక్ ట్రూను కూడా అంకెగానే అంగీకరిస్తుంది. అది వద్దనుకుంటే ముందుగా పైబూల్_చెక్ పెట్టాలి.

రకం సరిచూడటం కన్నా కష్టమైనది ఆబ్జెక్టు ఎవరి అధీనంలో ఉందో గుర్తుంచుకోవడం. ప్రతి ఆబ్జెక్టునూ ఎన్ని రిఫరెన్సులు పట్టుకుని ఉన్నాయో పైథాన్ లెక్కపెడుతుంది, ఆ లెక్క సున్నా కాగానే దాని మెమరీని విడుదల చేస్తుంది. పైలిస్ట్_గెట్‌ఐటెమ్ ఇచ్చేది ఆ లెక్కను పెంచని అరువు రిఫరెన్సు మాత్రమే, దాని యజమాని లిస్టే. ఆ ఆబ్జెక్టు మీద, దాన్ని స్ట్రింగుగా మార్చే పైఆబ్జెక్ట్_స్ట్ర్ పిలిస్తే వాడుకరి రాసిన పైథాన్ మెథడ్ నడవవచ్చు, ఆ మెథడ్ లిస్టును ఖాళీ చేయవచ్చు, అది ముగిసేసరికి మన పాయింటరు విడుదలైపోయిన మెమరీని చూపుతూ ఉండవచ్చు. కాబట్టి అందిన వెంటనే ఆ లెక్కను పెంచే పై_ఇంక్‌రెఫ్ చేసి, పని ముగిశాక దాన్ని తగ్గించే పై_డెక్‌రెఫ్ చేయాలి. పైథాన్ 3.13 నుండి ఉన్న పైలిస్ట్_గెట్‌ఐటెమ్‌రెఫ్ సొంత రిఫరెన్సునే ఇస్తుంది, కొత్త కోడ్‌లో దానినే వాడటం మంచిది. పైలిస్ట్_సెట్‌ఐటెమ్ తీరు ఇందుకు భిన్నం: అది మన రిఫరెన్సును తన సొంతం చేసుకుంటుంది గనుక, ఆ తరువాత మనం డెక్‌రెఫ్ చేయకూడదు.

స్ట్రింగుల విషయంలో పైయూనికోడ్_యాజ్‌యూటీఎఫ్8 ఇచ్చే పాయింటరు ఆ ఆబ్జెక్టు ఉన్నంత కాలమే చెల్లుతుంది. దానిని ఫ్రీ చేయకూడదు, దాచుకోవలసి వస్తే నకలు తీసుకోవాలి. నకలుకు కావలసిన పరిమాణాన్ని పైథాన్ లెన్ విలువ నుండి తీసుకోకూడదు. ‘తెలుగు’ అనే స్ట్రింగుకు లెన్ 6 అని వస్తుంది, యూటీఎఫ్-8లో మాత్రం అది 18 బైట్లు. ఇంగ్లిషు అక్షరాలతో మాత్రమే పరీక్షించేవారికి ఈ తప్పు ఎన్నటికీ కనిపించదు.

సీ లైబ్రరీ సృష్టించిన వేరే థ్రెడ్ నుండి పైథాన్ ఆబ్జెక్టును తాకవలసి వస్తే ముందు గిల్‌ను (థ్రెడ్లు ఒకేసారి పైథాన్ ఆబ్జెక్టులను తాకకుండా ఆపే తాళాన్ని) తీసుకునే పైగిల్‌స్టేట్_ఎన్ష్యూర్, చివర దాన్ని వదిలే పైగిల్‌స్టేట్_రిలీజ్ తప్పనిసరి.

పరీక్షలకు పైథాన్ డీబగ్ బిల్డ్ (తప్పులు పట్టేందుకు అదనపు తనిఖీలతో తయారుచేసిన పైథాన్) వాడి, ప్రతి ఫంక్షనుకూ నన్, ట్రూ, -1, 2 ఘాతం 63, ఖాళీ స్ట్రింగు, తెలుగు స్ట్రింగు, తన స్ట్ర్ మెథడ్‌లోనే లిస్టును ఖాళీ చేసే ఆబ్జెక్టు పంపి చూడాలి. అదే పిలుపును లూప్‌లో పదే పదే నడిపినప్పుడు మొత్తం రిఫరెన్సుల లెక్కను చెప్పే సిస్.గెట్‌టోటల్‌రెఫ్‌కౌంట్ ప్రతిసారీ పెరుగుతూ పోతుంటే, ఎక్కడో ఒక డెక్‌రెఫ్ తప్పిపోయిందని అర్థం. ఆ వెతుకులాటను తప్పులు వచ్చినప్పుడు ఫంక్షను మధ్యలోనే తిరిగి వెళ్లిపోయే దారుల నుండి మొదలుపెట్టాలి.