స్కాట్లాండ్ మిడ్‌ఫీల్డర్ కెరీర్‌ను తప్పుల్లేకుండా రాయడం ఎలా: కిమ్ లిటిల్ ఉదాహరణగా

క్రీడాకారిణి మీద వ్యాసం రాయబోయేవాళ్ళు సాధారణంగా పుట్టిన ఊరు, చిన్ననాటి ఆట అంటూ మొదలుపెడతారు. మ్యాచ్‌లు, గోల్స్ పట్టికను చివర్లో ఎక్కడో దొరికింది తెచ్చి అతికిస్తారు. మహిళల ఫుట్‌బాల్ విషయంలో ఈ వరుస తిరగెయ్యాలి. పట్టిక ముందు తయారైతేనే వ్యాసం నిలబడుతుంది. స్కాట్లాండ్ ఆటగత్తెలైతే మరీను. వాళ్ళు మూడు నాలుగు దేశాల లీగుల్లో ఆడతారు. ఆ లీగుల క్యాలెండర్లు వేరు, అవీ మధ్యలో మారాయి, క్లబ్బుల పేర్లూ మారాయి. ఈ చిక్కులు దాదాపు అన్నీ ఒకేచోట దొరికే కెరీర్ కిమ్ లిటిల్‌ది. 1990 జూన్ 29న అబెర్డీన్‌లో పుట్టి, స్కాట్లాండ్ క్లబ్బు హిబర్నియన్‌లో మొదలై, 2008లో ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్‌కు చేరి, అమెరికా, ఆస్ట్రేలియా తిరిగి మళ్ళీ ఆర్సెనల్‌కే వచ్చిన మిడ్‌ఫీల్డర్ ఆమె. ఆమె పట్టిక సరిగ్గా వెయ్యగలిగితే మరే స్కాట్లాండ్ ఆటగత్తెదైనా వెయ్యొచ్చు.

పట్టికలో ఏ గడులుండాలి

స్ప్రెడ్‌షీట్ తెరిచి ఈ వరుసలో గడులు పెట్టండి: సీజన్, ఆనాటి పేరుతో క్లబ్బు, ఆనాటి పేరుతో లీగు, ఆ సీజన్‌లో జట్టు ఆడిన లీగు మ్యాచ్‌ల సంఖ్య, ఆమె ఆడిన లీగు మ్యాచ్‌లు, గోల్స్, అందులో పెనాల్టీలు, దేశంలోని కప్పు పోటీలు, ఆమె ఆడిన స్థానం, కోచ్, గాయాలు. చివరి గడిలో ఈ అంకె ఏ తేదీ వరకు సరైనదో రాయండి. యూరప్ పోటీలను ఇందులో కలపకండి. వాటికి వేరే పట్టిక ఎందుకు కావాలో కింద చెబుతాం.

జట్టు ఆడిన మ్యాచ్‌ల గడిని చాలామంది అనవసరమనుకుంటారు. తప్పులు పట్టుకోవడంలో దాన్ని మించింది లేదు. ఇంగ్లండ్‌లో మహిళల సూపర్ లీగ్ 2011 ఏప్రిల్‌లో 8 జట్లతో మొదలైంది. అంటే జట్టుకు 14 మ్యాచ్‌లే. 2012, 2013ల్లోనూ అంతే. ఆ ఏళ్ళకు ఎక్కడైనా 20కి పైగా లీగు మ్యాచ్‌లు కనిపిస్తే, కప్పు మ్యాచ్‌లో యూరప్ మ్యాచ్‌లో కలిసిపోయాయన్నమాట. అమెరికా లీగులో 2014లో జట్టుకు 24 మ్యాచ్‌లు, 2015లో 20. తిరిగొచ్చాక ఇంగ్లండ్‌లో 2017–18లో 18, 2018–19లో 20. 2019–20లో జట్లు 12 అయ్యాక 22 మ్యాచ్‌ల సీజన్ వచ్చింది, కానీ ఆ మొదటి ఏడాదే కోవిడ్ వల్ల మధ్యలోనే ఆగిపోయి, ఆడిన మ్యాచ్‌కు సగటు పాయింట్ల లెక్కన తేల్చేశారు.

ఇదే గడి గోల్స్‌కు అర్థం కూడా ఇస్తుంది. 2012లో 11 గోల్స్‌తో లిటిల్ ఇంగ్లండ్ లీగులో అందరికంటే పైన నిలిచింది. 14 మ్యాచ్‌ల సీజన్ అని పక్కన లేకపోతే, 2014లో సియాటిల్‌కు కొట్టిన 16 ముందు ఆ 11 చిన్నగా కనిపిస్తుంది.

సీజన్ల చిక్కు

ఎక్కువ వ్యాసాలు పాడయ్యేది ఇక్కడే. లిటిల్ వరుసలు ఇలా రావాలి.

హిబర్నియన్: 2006–07, తర్వాత 2007–08లో మార్చి వరకు. ఆర్సెనల్: 2007–08లో మిగిలిన భాగం, 2008–09, 2009–10. ఆపైన ఏడాది ఒకే అంకెగా రాయాల్సిన సీజన్లు: 2011, 2012, 2013. సియాటిల్ రెయిన్: 2014, 2015, 2016. మెల్‌బోర్న్ సిటీ, లోన్ మీద (అంటే సొంత క్లబ్బు ఒప్పందం ఉండగానే కొంతకాలం వేరే క్లబ్బుకు ఆడటం): 2015–16. మళ్ళీ ఆర్సెనల్: 2017 వసంత సిరీస్, 2017–18 నుంచి. మధ్యలో ఓఎల్ రెయిన్‌కు లోన్: 2022.

2009–10కీ 2011కీ మధ్య ఖాళీ చూసి, ఏదో వదిలేశామనుకుని "2010–11" అనే వరుస కల్పించేవాళ్ళున్నారు. ఆ శీతాకాలంలో లీగే లేదు. ఇంగ్లండ్ వేసవి సీజన్‌కు మారింది. కానీ యూరప్ ఛాంపియన్స్ లీగ్ మాత్రం శరదృతువు నుంచి వసంతం దాకా ఎప్పటిలాగే సాగింది. ఆర్సెనల్ 2010–11లో దాని సెమీఫైనల్‌కు కూడా వెళ్ళింది. ఇప్పుడు ఆ మ్యాచ్‌లను ఏ లీగు వరుసలో వేస్తారు? ఎక్కడ వేసినా తప్పే. ఒకే యూరప్ సీజన్ రెండు లీగు సీజన్ల మధ్య చీలిపోతుంది. ఒకచోట మొత్తం వేసి, ఇంకోచోట సగం మళ్ళీ వేస్తే మ్యాచ్‌లు రెండుసార్లు లెక్కకొస్తాయి. అందుకే 2011–2016 మధ్య ఇంగ్లండ్‌లో ఆడిన ఎవరికైనా యూరప్ పట్టిక విడిగా ఉండాలి.

2017 వసంత సిరీస్ ఇంకో గుంట. వేసవి నుంచి శీతాకాలానికి తిరిగి మారేముందు పెట్టిన చిన్న పోటీ అది. మొదలవడానికి ముందే నాట్స్ కౌంటీ క్లబ్బు మూతపడటంతో 9 జట్లే మిగిలి, ఒక్కో జట్టుకు 8 మ్యాచ్‌లే దక్కాయి. దాన్ని 2017–18లో కలపకండి. విడి వరుస ఇవ్వండి. లిటిల్‌కు ఆ మేలోనే మోకాలి ఏసీఎల్ లిగమెంట్ తెగింది. గాయం గడి ఖాళీగా వదిలితే, స్కాట్లాండ్ మొదటిసారి అర్హత సాధించిన 2017 యూరో టోర్నీలో ఆమె పేరు ఎందుకు లేదో పాఠకులకు అర్థం కాదు.

స్కాట్లాండ్‌లో మొదలైన ఆటగత్తెలకు ఇంకో జాగ్రత్త. అక్కడి ప్రీమియర్ లీగ్ కూడా కొన్నేళ్ళు వేసవి సీజన్‌గా నడిచింది. 2020 సీజన్ రద్దయ్యాక 2020–21తో శీతాకాలానికి మళ్ళింది. లిటిల్ హిబర్నియన్ రోజులు ఈ మార్పులకు ముందువి కాబట్టి ఆమెకు ఇబ్బంది లేదు. మరో స్కాట్లాండ్ మిడ్‌ఫీల్డర్ కారొలీన్ వియర్‌కు మాత్రం 2011 నుంచి 2013 వరకు హిబర్నియన్ సీజన్లు ఒకే ఏడాది పేరుతో రాయాలి.

లోన్, పేరు మారిన క్లబ్బు

2015లో లిటిల్ ఒకే ఏడాదిలో రెండు ఖండాల్లో ఆడింది. అమెరికా సీజన్ ముగిశాక అక్టోబరులో మొదలయ్యే ఆస్ట్రేలియా లీగుకు లోన్ మీద వెళ్ళి, 2016 జనవరి 31న ఫైనల్ గెలిచి, తిరిగి సియాటిల్ చేరింది. "2014–15 సియాటిల్, 2015–16 మెల్‌బోర్న్, 2016 సియాటిల్" అని రాస్తే క్లబ్బు రెండుసార్లు మారినట్టు అవుతుంది. సియాటిల్ కాలాన్ని 2014–2016 అని అఖండంగా ఉంచి, దాని కింద కొంచెం లోపలికి జరిపి బాణం గుర్తుతో మెల్‌బోర్న్ లోన్ వరుస పెట్టండి.

ఆ మెల్‌బోర్న్ సీజన్ విశేషమైనది. క్లబ్బుకు అదే మొదటి ఏడాది. 12 లీగు మ్యాచ్‌లూ గెలిచి, ఫైనల్లో సిడ్నీ ఎఫ్‌సీని 4–1తో ఓడించారు. సెమీఫైనల్, ఫైనల్‌ను కొన్ని సైట్లు లీగులో కలుపుతాయి, కొన్ని కలపవు. 12, 14 అనే రెండు అంకెలు కనిపిస్తే తేడా ఇదే. ఏదో ఒక పద్ధతి ఎంచుకోండి. దాన్ని పట్టిక కింద ఒక వాక్యంలో చెప్పి, అమెరికా ప్లేఆఫ్‌లకూ (లీగు దశ తర్వాత పై జట్ల మధ్య జరిగే నాకౌట్ మ్యాచ్‌లకూ) అదే పద్ధతి వాడండి.

2022లో ఆమె ఆడిన ఓఎల్ రెయిన్ పాత సియాటిల్ రెయినే. 2020లో లియాన్ క్లబ్బు యాజమాన్యం కొన్నాక ఆ పేరొచ్చింది, 2024లో మళ్ళీ పాత పేరు పెట్టారు. వరుసలో ఆనాటి పేరే ఉంచి, మొత్తం లెక్కలో రెండింటినీ ఒకే క్లబ్బుగా కూడండి. రెండు వేరు క్లబ్బులుగా లెక్కపెడితే "ఐదు క్లబ్బులకు ఆడింది" అనే తప్పు వాక్యం పుడుతుంది. ఆమె ఆడినవి నాలుగే.

దేశం తరఫున

స్కాట్లాండ్‌కు లిటిల్ 2007లో, 16 ఏళ్ళ వయసులో మొదటి మ్యాచ్ ఆడింది. 2021లో తప్పుకునేసరికి 140 మ్యాచ్‌లు, 59 గోల్స్. ఈ 140లో ఒలింపిక్స్ మ్యాచ్‌లు ఉండవు. ఒలింపిక్స్‌కు స్కాట్లాండ్ జట్టు వెళ్ళదు, గ్రేట్ బ్రిటన్ వెళ్తుంది. 2012 లండన్, 2021లో జరిగిన టోక్యో, రెండింటిలోనూ ఆమె బ్రిటన్ జట్టులో ఉంది. ఆ మ్యాచ్‌లకు వేరే వరుస పెట్టండి. రెండూ కలిపి "అంతర్జాతీయ మ్యాచ్‌లు" అని ఒకే అంకె ఇవ్వడం చాలాచోట్ల కనిపించే పొరపాటు.

గోల్స్ విషయంలో మ్యాచ్ రోజు వార్తను నమ్మి ఊరుకోకండి. టోక్యోలో కెనడాతో 1–1గా ముగిసిన మ్యాచ్‌లో బ్రిటన్ గోల్‌ను ఆ రోజు వియర్ పేరనే రాశారు. అధికారిక రికార్డులో అది కెనడా ఆటగత్తె నిషెల్ ప్రిన్స్ సెల్ఫ్ గోల్, అంటే సొంత గోల్‌లోకే బంతి పంపడం. 2019 ప్రపంచకప్‌లో పారిస్‌లో అర్జెంటీనాపై స్కాట్లాండ్ 3–0 ఆధిక్యం పోగొట్టుకుని 3–3తో ఇంటికెళ్ళిన మ్యాచ్‌నూ ఇలాగే చూడాలి. మొదటి గోల్ లిటిల్‌ది, 19వ నిమిషంలో. అర్జెంటీనా రెండో గోల్ రికార్డులో గోల్‌కీపర్ లీ అలెగ్జాండర్ సెల్ఫ్ గోల్‌గా ఉంది. మ్యాచ్ ముగిసిన కొద్ది రోజులకు నిర్వాహకుల నివేదిక మరోసారి చూడటం అలవాటు చేసుకుంటే ఇలాంటివి తప్పుతాయి.

ట్రోఫీలు

రెండు పరీక్షలు పెట్టండి. మొదటిది, ఆ రోజు ఆమె ఆ క్లబ్బులో ఉందా? ఆర్సెనల్ 2014లోనూ 2016లోనూ ఎఫ్‌ఏ కప్ గెలిచింది, 2015లో లీగ్ కప్ గెలిచింది. లిటిల్ అప్పుడు సియాటిల్‌లో ఉంది. క్లబ్బు ట్రోఫీల జాబితా పక్కన పెట్టుకుని నకలు చేస్తే ఈ మూడూ ఆమె ఖాతాలో పడిపోతాయి. సీజన్ మధ్యలో, అంటే 2008 మార్చిలో చేరినప్పటి ట్రోఫీలకు ఫైనల్ జట్టు జాబితా చూడకుండా ఏదీ రాయకండి.

రెండోది, ఆ ట్రోఫీ దేనికి ఇస్తారు? సియాటిల్ 2014, 2015ల్లో ఎన్‌డబ్ల్యూఎస్ఎల్ (అమెరికా మహిళల లీగు) షీల్డ్ గెలిచింది. అది లీగు దశలో అగ్రస్థానానికి. ఛాంపియన్‌షిప్ ప్లేఆఫ్ ఫైనల్‌తో తేలుతుంది. ఆ రెండేళ్ళూ సియాటిల్ ఫైనల్లో ఎఫ్‌సీ కాన్సాస్ సిటీ చేతిలో ఓడింది. "అమెరికా ఛాంపియన్" అని రాస్తే శుద్ధ తప్పు.

వ్యక్తిగత పురస్కారాల్లో ఎవరు ఓటేశారో రాస్తే వాటి బరువు తెలుస్తుంది. 2013లో ఇంగ్లండ్‌లో తోటి ఆటగాళ్ళు మహిళలకు మొదటిసారి ఇచ్చిన పీఎఫ్ఏ (ఆటగాళ్ళ సంఘం) పురస్కారం ఆమెదే. 2014లో అమెరికా లీగు అత్యుత్తమ క్రీడాకారిణి. 2016లో బీబీసీ ఏటి మేటి మహిళా ఫుట్‌బాలర్‌గా ఆమెను ఎన్నుకున్నది ప్రజలు.

స్థానం, కోచ్ గడులు ఎందుకు

మిడ్‌ఫీల్డర్‌ను గోల్స్‌తో మాత్రమే కొలిస్తే లిటిల్ 2014 తర్వాత దిగజారినట్టు కనిపిస్తుంది. నిజానికి ఆమె చోటు మారింది. మొదట్లో స్ట్రైకర్ వెనకాలే ఆడేది, పెనాల్టీలూ ఆమే కొట్టేది. ఆర్సెనల్‌కు తిరిగొచ్చాక ఏళ్ళు గడిచేకొద్దీ వెనక్కి జరిగి, రక్షణ వరుస నుంచి బంతి అందుకుని ఆటను ముందుకు నడిపే పని తీసుకుంది. కెప్టెన్‌గా 2025 మే 24న లిస్బన్‌లో బార్సిలోనాను 1–0తో ఓడించి ఛాంపియన్స్ లీగ్ ఎత్తిన జట్టులో ఆమె పని అదే. ఆ గోల్ ఆమె సహచరి బ్లాక్‌స్టెనియస్‌ది. పట్టికలో ఆ రోజు లిటిల్ పక్కన సున్నానే ఉంటుంది, స్థానం గడి లేకపోతే ఆ సున్నా ఏమీ చెప్పదు.

కోచ్ గడి బదిలీల గుట్టు విప్పుతుంది. ఆర్సెనల్‌లో ఆమెకు కోచ్‌గా ఉన్న లారా హార్వీయే 2013లో సియాటిల్ వెళ్ళింది. మరుసటి సీజన్‌కు లిటిల్ కూడా అక్కడే. 2022 లోన్ నాటికి ఆ క్లబ్బు కోచ్ మళ్ళీ హార్వీయే. మెల్‌బోర్న్‌లో ఆమెను నడిపిన జో మోంటెముర్రో 2017 చివర్లో ఆర్సెనల్‌కు వచ్చాడు. విడివిడిగా చూస్తే ఎటెటో తిరిగినట్టున్న దారి, ఈ గడి నింపగానే ఇద్దరు ముగ్గురు మనుషుల చుట్టూ అల్లుకున్నట్టు కనిపిస్తుంది.

పట్టిక నుంచి వ్యాసానికి

ఇప్పుడు రాయడం తేలిక. ఒక్కో క్లబ్బుకు ఒక పేరా, గాయానికి చోటు, జాతీయ జట్టుకు విడి పేరా. అంకె వచ్చిన ప్రతి వాక్యంలో పోటీ పేరు, కాలం ఉండాలి. "ఆమె 16 గోల్స్ కొట్టింది" అనేది పనికిరాదు. "2014 అమెరికా లీగు సీజన్‌లో 16 గోల్స్‌తో ముందు నిలిచింది" అనేది పనికొస్తుంది. దొరకని అంకెకు గీత పెట్టండి, సున్నా పెట్టకండి. 2011కు ముందు ఇంగ్లండ్, స్కాట్లాండ్ మహిళల లీగుల లెక్కలు అరకొరగానే ఉన్నాయి. సున్నా అంటే ఆడలేదని అర్థం, గీత అంటే లెక్క లేదని. ఇంకా ఆడుతున్న వియర్, ఎరిన్ కత్‌బర్ట్ లాంటివాళ్ళకు క్లబ్బు అంకెలు, దేశం అంకెలు వేర్వేరు తేదీలతో ఇవ్వండి. రెండూ ఒకేరోజు మారవు.

పాత తరం గురించి రాసేటప్పుడు "అధికారిక గుర్తింపు" అని ఇంకో గడి చేర్చండి. 1972 నవంబరు 18న గ్రీనాక్‌లో ఇంగ్లండ్‌తో 2–3తో ఓడిన మ్యాచ్ స్కాట్లాండ్ మహిళల మొదటి అంతర్జాతీయ మ్యాచ్. అప్పటికి స్కాటిష్ ఫుట్‌బాల్ సంఘం మహిళల ఆటను గుర్తించనే లేదు, 1974లో గుర్తించింది. ఆ రోజు గోల్ కొట్టిన రోజ్ రైలీ తర్వాత ఇటలీ జాతీయ జట్టుకు ఆడింది. ఆనాటి జట్టుకు క్యాప్‌లు (దేశానికి ఆడినందుకు గుర్తుగా ఇచ్చే టోపీలు) అందింది 2019లో. మ్యాచ్ తేదీ ఒక గడిలో, గుర్తింపు తేదీ ఇంకో గడిలో వెయ్యండి.