సొంత పడవలో తొలి తీరయాత్ర, 5వ పాఠం: గాలి టమాటా, ప్రవాహం బస్సు

ఈసారి తీరంలోని గుర్తులను ఎలా పట్టాలో చెబుదామనుకున్నాను. 4వ పాఠం లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక దాన్ని పక్కన పెట్టక తప్పలేదు. లెక్క ఇది: చెన్నై నుంచి ఉత్తరాన ఉన్న ఎన్నూరుకు సుమారు 10 నాటికల్ మైళ్లు, నీటిలో పడవ వేగం 4 నాట్లు (అంటే గంటకు 4 నాటికల్ మైళ్లు), ‘ఉత్తరపు ప్రవాహం’ 1 నాట్. ఎంతసేపు పడుతుంది? చాలామంది 3 గంటల 20 నిమిషాలు అన్నారు. జవాబు 2 గంటలు. భాగహారంలో ఎవరూ తప్పు చేయలేదు. తప్పంతా ‘ఉత్తరపు’ అన్న మాటలో ఉంది. ఆ మాట రాసింది నేనే కాబట్టి సగం తప్పు నాది.

గాలికి అది వచ్చిన దిక్కు పేరు పెడతారు. ప్రవాహానికి అది వెళ్లే దిక్కు పేరు పెడతారు. మన తిరుపతి వాళ్లకు ఇది కష్టం కాకూడదు. మదనపల్లె టమాటా అంటే మదనపల్లె నుంచి వచ్చింది. మదనపల్లె బస్సు అంటే మదనపల్లెకు పోయేది. గాలి టమాటా, ప్రవాహం బస్సు. ఎండాకాలంలో పడమటి గాలి అంటే ఎవరికీ అనుమానం రాదు. ఆ అలవాటునే నీళ్లకూ అంటగట్టడంతో వస్తోంది చిక్కు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరం వెంట ప్రవాహం దక్షిణానికి పోతుంది, గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. పేర్లు వింటే ఎడమొహం పెడమొహం, తోసేది మాత్రం దాదాపు ఒకే వైపు. మార్చిలో ప్రవాహం ఉత్తరానికి ఉంటుంది. అప్పుడు ఉత్తరపు గాలి వీస్తే పేర్లు ఒకటే, కానీ రెండూ ఢీకొంటాయి. అలలు నిటారుగా, దగ్గరదగ్గరగా లేస్తాయి. చిన్న పడవకు నరకం.

మా తొలి ప్రయాణంలో మేమూ ఈ గోతిలోనే పడ్డాం. తెల్లవారుజామున హార్బరు దాటి ఇంజన్ మీద పోతున్నాం. చుక్కాని నా చేతిలో ఉంది. “ఏమండీ, గాలి ఎటు?” అన్నాను. ఆయన ఫోన్‌లో బాణం చూసి “తూర్పు” అన్నారు. తెరచాప ఎత్తేటప్పుడు పడవ ముక్కు గాలికి ఎదురుగా ఉండాలి కదా, తూర్పుకు తిప్పాను. తీరా గాలి వచ్చేది పడమర నుంచి. బాణం చూపించింది అది పోయే వైపు. పడవ వేగం 4 నాట్లు, వెనక నుంచి గాలీ దాదాపు అంతే, అందుకే ముఖానికి ఏమీ తగల్లేదు. ఇంజన్ తగ్గించానో లేదో, సగం ఎత్తిన తెరచాప నిండిపోయి బూమ్ (తెరచాప అడుగు అంచును పట్టి ఉంచే అడ్డకర్ర) ఈ పక్క నుంచి ఆ పక్కకు ఆయన తల మీదుగా ఊగింది. “తలకాయ పోయేదే తల్లీ!” అన్నారు. అప్పటినుంచి మా పడవలో ఒట్టి దిక్కు పేరు చెప్పడం నిషేధం. గాలికి ‘నుంచి’, నీటికి ‘కు’ తగిలించాల్సిందే.

ఫోన్ బాణం నాకు గిట్టదు. తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే తీగకు ఊలు దారం కడతాను. పడవ నడుస్తుంటే అదీ అబద్ధం చెబుతుంది, ఆపి చూడండి. ఎన్నూరు వైపు థర్మల్ కేంద్రం చిమ్నీల పొగ తూర్పుకు సాగుతుంటే గాలి పడమర నుంచి వస్తున్నట్టు. నీటి సంగతి బోయా (అడుగుకు కట్టేసిన తేలే గుర్తు) చెబుతుంది. దాని వెనక నురుగు చార ఎటు సాగితే ప్రవాహం అటు.

లైఫ్ జాకెట్, ఛానెల్ 16 (ఆపదలో పిలిచే రేడియో ఛానెల్), పోర్టు అనుమతి గురించి మళ్లీ రాయను.

అభ్యాసం: వారం రోజులు పొద్దున 6కి, సాయంత్రం 5కి మిద్దెక్కి దారం పట్టుకుని ‘ఫలానా దిక్కు నుంచి’ అని రాయండి. తిరుమల కొండ ఉత్తరాన ఉంది, కంపాస్ అక్కర్లేదు. కొండ గాలిని తిప్పేస్తుంది, ఫర్వాలేదు, ఇది నోటి అలవాటు కోసమే. ఇక లెక్క. అదే ప్రవాహంలో ఎన్నూరు నుంచి వెనక్కి రావడానికి ఎంతసేపు? రానూపోనూ కలిపితే 5 గంటల 20 నిమిషాలు రావాలి. ప్రవాహమే లేకపోతే 5 గంటలు చాలు. పోయేటప్పుడు కలిసొచ్చింది, వచ్చేటప్పుడు ఎదురైంది, చెల్లుకు చెల్లు కావాలి. మరి ఆ 20 నిమిషాలు ఎక్కడివి? సూత్రం వాడకుండా రెండు వాక్యాల్లో రాసి పంపండి.