శ్రీశైలానికి వెంకటాపురం బాటన నడిచేవారికి

ఈ దారిన నడుస్తామనేవాళ్లు మొదట అడిగేది దూరమెంత అని. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి 40 కిలోమీటర్ల పైచిలుకే. అయితే మనిషిని పట్టి చూసేది దూరం కాదు, భీముని కొలను లోయ. అది దాదాపు చివర్లో వస్తుంది కాబట్టి మోకాళ్లను అంతవరకూ దాచుకోవాలి.

బాటంతా నల్లమల పులుల అడవిలోనిదే. శివరాత్రికి, ఉగాదికి మాత్రమే నడవనిస్తారు. తేదీలు ఆత్మకూరులో ముందే కనుక్కోండి. ఎండ ముదరకముందే వస్తుంది కనుక నా ఓటు శివరాత్రికే. ఉగాదికి మాత్రం కన్నడ భక్తులు బారులు తీరి వస్తారు. భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడపడుచు. వాళ్ల భజనల వెంట నడిస్తే అలుపు తెలియదు, నిజమే.

వెలుగు రాగానే వెంకటాపురంలో బయలుదేరండి. నాగలూటి వీరభద్రుడి గుడి దాటాక రాతిమెట్ల మీద నిదానంగా ఎక్కండి. శ్రీశైలానికి మెట్లు కట్టించిన ఘనత 14వ శతాబ్దపు ప్రోలయ వేమారెడ్డిది. మనం నడిచే రోజులకు టేకాకు రాలి ఉంటుంది. ఒక్కోటి విస్తరాకంత. ఎండి మెట్టు మీద పడితే రాతి అంచు కనబడదు, కాలు జారుతుంది. చేతికర్రతో ఆకు పక్కకు నెట్టి, ఆ తర్వాతే అడుగు వేయండి. తల పైకెత్తితే ఆకులేని కొమ్మలకు మోదుగ పూలు ఎర్రగా కనిపిస్తాయి. చూడాలనిపిస్తే ఆగి చూడండి, నడుస్తూ వద్దు. బీడీ, అగ్గిపెట్టె సంచిలోకే రానీయకండి. ఆ ఎండుటాకుకు ఒక్క నిప్పురవ్వ చాలు.

రాత్రికి పెద్దచెరువు దగ్గర, చెంచు గూడెం పక్కన ఆగండి. అన్నదానాలు ఉంటాయి కనుక బియ్యం, గిన్నెలు మోయడం దండగ. మర్నాడు మాత్రం తలా రెండు లీటర్ల నీళ్లు నింపుకోనిదే కదలవద్దు.

భీముని కొలను లోయలోకి మెట్లు నిటారుగా దిగుతాయి. పక్కవాటుగా తిరిగి, కర్రను కింది మెట్టుకు ఆనించి దిగాలి. వెనకవాళ్లు తొందరపెడితే దారి ఇచ్చేయండి. అడుగున వాగులో కాళ్లు కడుక్కున్నాక బాగా తుడుచుకున్న తర్వాతే చెప్పులు వేసుకోండి, తడికాలికి బొబ్బలు ఖాయం. అక్కడ కడుపు నిండా తినవద్దు, ఎదురుగా కైలాసద్వారం ఎక్కుడు ఉంది. పది మెట్లకోసారి నిలబడి ఊపిరి తీసుకోండి. కూర్చుంటే లేవబుద్ధి కాదు.

పైకి చేరాక హాటకేశ్వరం మీదుగా శ్రీశైలానికి నడక తేలికే. కైలాసద్వారం దాకా బండ్లు వస్తాయి. కాళ్లు సహకరించకపోతే ఎక్కేయండి.