పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఎవరో ఉన్నారన్న అనుమానం: సమస్య - పరిష్కారం

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు సెకండ్ హ్యాండ్‌లో కొనే థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్‌లు ఎక్కువగా పెద్ద ఆఫీసులు వాడి వదిలేసినవి. వాటిలో ఏదైనా వింత కనిపిస్తే ముందు ప్రభుత్వ నిఘా మీదికే మనసు పోతుంది. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. కొన్నవాళ్లకు వెళ్తూ దారిలో ఉన్న సిస్కో నెట్‌వర్క్ పరికరాల పెట్టెలను అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ మనుషులు విప్పుతున్న ఫొటో 2014లో స్నోడెన్ పత్రాలతో బయటికొచ్చింది. అయినా మన చేతికొచ్చిన మెషిన్‌లో ముందు వెతకాల్సింది పాత యజమాని వదిలి వెళ్లిన రిమోట్ ఏర్పాట్లను. వాటినీ తేలిగ్గా తీసుకోవద్దు. ఎవరో దూరం నుంచి మీ స్క్రీన్ చూడగలుగుతుంటే, ఆ ఎవరో ఎవరన్నది తర్వాతి మాట.

సమస్య: షట్‌డౌన్ చేసినా లాన్ పోర్టు లైటు మినుకుమంటోంది

లైటు ఒక్కటే అయితే భయం లేదు. పీసీ ఆపినా ప్లగ్ ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఇస్తూనే ఉంటుంది. నెట్ కేబుల్ ద్వారా పీసీని నిద్రలేపే వేక్ ఆన్ లాన్ దాని మీదే బతుకుతుంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే మెషిన్ సొంత ప్రోగ్రాం) వేక్ ఆన్ లాన్ ఆపి, కరెంటు పొదుపు చేసే ఈఆర్‌పీ లేదా డీప్ స్లీప్ ఆన్ చేస్తే లైటు ఆరిపోవాలి.

ఆరకపోతే ఇంటెల్ ఏఎంటీని పరీక్షించాలి. వీప్రో స్టిక్కర్ ఉన్న మెషిన్లలో ఉండే ఈ ఏర్పాటుతో ఆఫీసు అడ్మిన్ దూరం నుంచి మెషిన్ ఆన్ చేయగలడు, స్క్రీన్ చూడగలడు, వేరే డిస్క్‌తో బూట్ చేయగలడు. విండోస్‌కు తెలియను కూడా తెలియదు. పరీక్ష ఇలా: పీసీ ఐపీ అడ్రసు రాసుకోండి. షట్‌డౌన్ చేసి, కేబుల్, కరెంటు అలాగే ఉంచండి. అదే రౌటర్ వైఫైలో ఉన్న ఫోన్ బ్రౌజర్‌లో ఆ ఐపీ పక్కన కోలన్ పెట్టి 16992 కొట్టండి. రాకపోతే హెచ్‌టీటీపీఎస్‌తో 16993 చూడండి. ఇంటెల్ లాగిన్ పేజీ వస్తే ఏఎంటీ మేలుకునే ఉంది. ఈ పరీక్ష అదే పీసీ నుంచి చేస్తే నమ్మలేం. తన ఐపీకి తాను పంపిన ప్యాకెట్ కేబుల్ మీదికి రాదు, ఏఎంటీ వినేది కేబుల్ మీదే.

పరిష్కారం: బూట్ అవుతుండగా కంట్రోల్, పీ నొక్కితే ఏఎంటీ సెట్టింగులుండే ఎంఈబీఎక్స్ మెను వస్తుంది. కొన్ని మోడళ్లలో ఎఫ్12 మెనులో ఉంటుంది. మొదటి పాస్‌వర్డ్ 'అడ్మిన్', అంతా చిన్న అక్షరాలు. దాన్ని మార్చకుండా వదిలేస్తే, మెషిన్ దగ్గర ఒక్క నిమిషం కూర్చున్నవాడు బయోస్ పాస్‌వర్డ్‌ను కూడా దాటిపోగలడని 2018లో సెక్యూరిటీ కంపెనీ ఎఫ్-సెక్యూర్ హెచ్చరించింది. లోపలికెళ్లి ఫుల్ అన్‌ప్రొవిజన్ చేయండి (పాత కంపెనీ ఏఎంటీ ఏర్పాట్లన్నీ చెరిపేయడం), కొత్త పాస్‌వర్డ్ పెట్టండి, తర్వాత బయోస్‌లో ఏఎంటీని డిసేబుల్ చేయండి. పాత కంపెనీ పాస్‌వర్డ్ మార్చేసి ఉంటే, చాలా డెస్క్‌టాప్‌లలో కరెంటు తీసి మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ కొద్దిసేపు పక్కన పెడితే మళ్లీ మొదటికొస్తుంది. బయోస్ అప్‌డేట్ మాత్రం తప్పకుండా చేయాలి. 2017 మేలో బయటపడ్డ లోపంతో, 6 నుంచి 11.6 దాకా ఫర్మ్‌వేర్ (చిప్‌లో ఉండే ప్రోగ్రాం) ఉన్న ఏఎంటీలోకి ఖాళీ పాస్‌వర్డ్ సమాధానంతోనే అడ్మిన్‌గా దూరిపోవచ్చు.

సమస్య: ఫార్మాట్ చేసినా అదే ఫైలు తిరిగొస్తోంది

విండోస్ సిస్టమ్32 ఫోల్డర్‌లో ఆర్‌పీసీనెట్ లేదా ఆర్‌పీసీనెట్‌పీ పేరుతో ఫైలు కనిపిస్తే అది కంప్యూట్రేస్. దొంగతనం జరిగితే ల్యాప్‌టాప్‌ను వెతికిపట్టడానికి ఆబ్సొల్యూట్ కంపెనీ చేసిన ఏర్పాటు ఇది. బయోస్‌లోనే కూర్చుని, కొత్త విండోస్ వేసినప్పుడల్లా ఏజెంటును తిరిగి నాటుతుంది. హార్డ్ డిస్క్ మార్చినా పోదు.

బయోస్ సెక్యూరిటీ మెనులో కంప్యూట్రేస్ లేదా ఆబ్సొల్యూట్ అన్న చోట డీయాక్టివేట్ అని ఉంటే పర్మనెంట్ డిసేబుల్ ఎంచుకోండి. యాక్టివేట్ అయి బూడిద రంగులో ఉంటే మీ చేతిలో ఏమీ లేదు. పాత యజమానే ఆబ్సొల్యూట్‌కు చెప్పి విడిపించాలి. అందుకే డబ్బు చేతిలో పెట్టకముందే షాపులోనే బయోస్ తెరిచి చూడండి. డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1.

విండోస్ వేస్తుండగా నెట్ తగలగానే ఏదో కంపెనీ పేరుతో లాగిన్ అడిగితే అది ఆటోపైలట్, అంటే కంపెనీలు తమ మెషిన్లను దూరం నుంచి సెటప్ చేసుకునే మైక్రోసాఫ్ట్ ఏర్పాటు. ఆ మెషిన్ ఇంకా ఆ కంపెనీ జాబితాలో ఉందన్నమాట. వాళ్లు తీసేయాలి, లేదంటే షాపువాడికి తిరిగిచ్చేయాలి.

సమస్య: మదర్‌బోర్డు మీద తెలియని చిప్

సర్వర్లు తయారు చేసే సూపర్‌మైక్రో బోర్డుల్లో గూఢచర్య చిప్ దొరికిందని 2018 అక్టోబర్‌లో బ్లూంబర్గ్ రాసింది. సూపర్‌మైక్రో, యాపిల్, అమెజాన్ ఖండించాయి. ఆ చిప్‌ను జనం ముందు పెట్టినవాళ్లు లేరు. మీ బోర్డు మీద విడి పిన్నులకు తగిలించిన చిన్న కార్డు ఉంటే చాలావరకు టీపీఎం మాడ్యూల్, అంటే ఎన్‌క్రిప్షన్ తాళంచెవులు దాచే చిప్. భూతద్దంతో దాని చిప్ మీది అక్షరాలు చదవండి. ఎస్‌ఎల్‌బీ 9665 లాంటిది ఉంటే ఇన్ఫినియాన్ టీపీఎం. అక్షరాలు లేకపోతే అదే మోడల్ బోర్డు ఫొటోలతో పోల్చండి.

సమస్య: ఫైబర్ మోడెమ్ సెట్టింగులు తమంతట తామే మారుతున్నాయి

ఇంటర్నెట్ సర్వీసువాడు మోడెమ్‌లను దూరం నుంచి నడిపే టీఆర్-069 పద్ధతితో బయటి నుంచి మారుస్తుండొచ్చు. దీనికి మామూలుగా వాడే పోర్టు 7547. మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో (మోడెమ్ సిగ్నల్‌ను దాటించడమే తప్ప రౌటర్ పని చేయకుండా) పెట్టించి, వెనక మీ సొంత రౌటర్ పెట్టండి. లైన్‌మన్ దగ్గర పీపీపీఓఈ (నెట్ కనెక్షన్ లాగిన్) యూజర్ పేరు, పాస్‌వర్డ్, వీలాన్ నంబరు మూడూ తీసుకున్నాకే మార్చండి. ఒక్కటి లేకపోయినా నెట్ రాదు.

సమస్య: ఇవన్నీ సరే, ఇంటెల్ ఎంఈ మీదే నమ్మకం లేదు

ఎంఈ అంటే మేనేజ్‌మెంట్ ఇంజిన్, చిప్‌సెట్‌లో విడిగా నడిచే చిన్న కంప్యూటర్; ఏఎంటీ నడిచేది దాని మీదే. డివైస్ మేనేజర్‌లో మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఇంటర్‌ఫేస్ కనిపించడం నిఘాకు రుజువు కాదు, అది డ్రైవరు మాత్రమే. దాన్ని తీసేసినా చిప్‌సెట్‌లోని ఎంఈ నడుస్తూనే ఉంటుంది. పైగా స్లీప్, ఫ్యాన్ ఇబ్బందులు రావచ్చు. ఎంఈని మొత్తం చెరిపేస్తే చాలా ఇంటెల్ మెషిన్లు 30 నిమిషాలకు ఆగిపోతాయి. అందుకే వాడే దారి వేరు. ఎన్‌ఎస్‌ఏ కార్యక్రమం కోసం ఇంటెల్ పెట్టిన హ్యాప్ బిట్ అనే రహస్య స్విచ్‌ను సెక్యూరిటీ కంపెనీ పాజిటివ్ టెక్నాలజీస్ 2017లో బయటపెట్టింది. దాన్ని ఆన్ చేస్తే బూట్ మొదట్లోనే ఎంఈ పక్కకు తప్పుకుంటుంది. 'ఎంఈ క్లీనర్' అనే ప్రోగ్రాం ఆ పని చేస్తుంది: బయోస్ చిప్‌లోని ఫైలు చదివి తీసి, దాన్ని ఈ ప్రోగ్రాంతో మార్చి, మళ్లీ చిప్‌లోకి రాయాలి.

ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ తాళం) 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. విడి చిప్ లేకుండా టీపీఎం పని చేసే ఇంటెల్ పీటీటీ ఎంఈలోనే ఉంటుంది, ఎంఈ పోతే అదీ పోతుంది. తర్వాత అడాప్టర్, బ్యాటరీ, సీమాస్ (మదర్‌బోర్డు బిళ్ల) బ్యాటరీ మూడూ తీసి, 8 కాళ్ల బయోస్ చిప్‌కు ఎస్‌ఓఐసీ-8 క్లిప్ తగిలించండి. చవగ్గా దొరికే నల్ల సీహెచ్341ఏ ప్రోగ్రామర్ (చిప్‌ను చదివి రాసే పరికరం) డేటా తీగల మీద 5 వోల్టులు పంపుతుంది, చిప్‌కు కావాల్సింది 3.3. ఆ లోపం సరిచేసినదే వాడండి. చిప్ 1.8 వోల్టులదైతే వోల్టేజి తగ్గించే అడాప్టర్ తప్పనిసరి.

బరంపురం, గోపాలపురం ఉప్పుగాలికి చిప్ కాళ్లు నల్లబడి క్లిప్ సరిగా పట్టదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. చిప్‌ను రెండుసార్లు చదివి రెండు ఫైళ్ల హ్యాష్ (ఫైలు వేలిముద్ర లాంటి సంఖ్య) పోల్చండి. 8 ఎంబీ చిప్ ఫైలు సరిగ్గా 83,88,608 బైట్లు, 16 ఎంబీది 1,67,77,216 బైట్లు ఉండాలి. తేడా ఉంటే క్లిప్ జారినట్టే, రాయడం మొదలుపెట్టొద్దు. మొదట చదివిన ఫైలును రెండు పెన్‌డ్రైవ్‌లలో దాచండి. రాసిన తర్వాత మెషిన్ లేవకపోతే దాన్నే తిరిగి రాయాలి.