సంతకాల బొంతకు పెన్ను ఎంచుకునే ముందు

అయినవాళ్లంతా గుడ్డ ముక్కల మీద సంతకాలు చేస్తే, వాటిని కలిపి కుట్టేదే సంతకాల బొంత. బొంతలో ముక్క చిరిగితే మార్చుకోవచ్చు, కుట్టు ఊడితే మళ్లీ వేసుకోవచ్చు. సంతకం చెరిగితే మాత్రం ఏం చేయలేం. ఆ రాసిన మనిషి మళ్లీ దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. అందుకే మొదటి సంతకం పడకముందే పెన్ను సంగతి తేల్చుకోండి.

'పర్మనెంట్' అన్న మాట చూసి మోసపోవద్దు. కాగితం మీదో ప్లాస్టిక్ మీదో నిలిచే ఇంకు గుడ్డ మీద నిలవాలని లేదు. మామూలు పర్మనెంట్ మార్కర్లలో ఆల్కహాల్ లాంటి ద్రవంలో కరిగిన రంగు ఉంటుంది. అది నూలు పోగుల వెంట పాకి అక్షరాన్ని అలికేస్తుంది. ఏళ్లు గడిచాక గీత చుట్టూ పసుపు నీడ కూడా రావచ్చు. పిగ్మెంట్ ఇంకులో రంగు కరగదు, సన్నటి రేణువులుగా ఉండి పోగులను పట్టుకుంటుంది. ఆరాక నీటికీ వెలుతురుకీ బాగా ఓర్చుకుంటుంది. బొంతలు కుట్టేవాళ్లు ఎక్కువగా వాడే పిగ్మా మైక్రాన్ పెన్ను ఈ రకమే. అందులో 01 సైజు గీత 0.25 మి.మీ., 05 సైజుది 0.45 మి.మీ. నలుగురి చేతా రాయించే పనికి నేనైతే 05 తీసుకుంటాను. సన్న పాళీ మీద ఎవరైనా గట్టిగా నొక్కితే అది లోపలికి పోతుంది.

బాల్‌పెన్, జెల్ పెన్ పక్కన పెట్టేయండి. పాత రకం ఇనుప ఇంకుల జోలికి అసలు వెళ్లొద్దు. 1840లలో అమెరికాలో సంతకాల బొంతలు బాగా వాడుకలోకి వచ్చాయి. ఇనుము, టానిన్ (చెట్ల నుంచి వచ్చే వగరు పదార్థం) కలిసిన ఇంకుతో రాసిన ఆనాటి బొంతలు కొన్నిటిలో అక్షరాలున్న చోటే గుడ్డ చీకిపోయి చిల్లులు పడ్డాయి.

వేడికి చెరిగే పెన్నుతో సంతకం చేయిస్తే ఇంకా పెద్ద నష్టం. దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ వేడికే ఆ రంగు మాయమవుతుంది, ఇస్త్రీ ఒక్కసారి తగిలితే చాలు. గీతలు గీసుకోవడానికి కూడా నేను దాన్ని వాడను, గడ్డకట్టే చలిలో ఆ గీతలు మళ్లీ తేలొచ్చు. గుడ్డ మీద గీతలు గీసుకోవడానికి వాడే, నీటితో పోయే నీలం పెన్నుది ఇంకో ఇబ్బంది. కడగకుండా ఇస్త్రీ చేస్తే ఆ గీత పోకుండా ఉండిపోవచ్చు.

గుడ్డ విషయానికొస్తే, దగ్గర నేత ఉన్న లేతరంగు నూలు గుడ్డ మంచిది. మిల్లు గంజి పోయేలా ముందే ఉతికి ఆరేయండి, సాఫ్ట్‌నర్ వేయొద్దు. వెనక ఫ్రీజర్ పేపర్‌ను (ఒక వైపు ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం), మెరిసే వైపు గుడ్డకు ఆనేలా ఇస్త్రీతో అతికిస్తే రాసేటప్పుడు గుడ్డ జరగదు. అంచుల్లో చుట్టూ పావు అంగుళం కుట్టులోకి పోతుంది. అందుకే అర అంగుళం వరకు మాస్కింగ్ టేపు వేసి, దాని లోపలే రాయమనండి. లేకపోతే పేరులో చివరి అక్షరం కుట్టు కిందికి పోతుంది.

ఇక పరీక్ష. అదే గుడ్డ ముక్క మీద, అదే పెన్నుతో రాసి ఒక రోజు ఆరనివ్వండి. ఆవిరి లేకుండా, నూలుకు సరిపడే వేడిలో ఇస్త్రీ చేయండి. తర్వాత బొంతను ఎలా ఉతుకుతారో అలాగే నాలుగైదు సార్లు ఉతకండి. అలాగే రాసి ఉతకకుండా ఉంచిన ఇంకో ముక్క పక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. నల్ల ఇంకు నిలిచింది కదా అని ఎరుపూ నిలుస్తుందనుకోవద్దు, ఏ రంగుకు ఆ రంగే పరీక్షించాలి. ఈ పనికి వారం పట్టినా పట్టనివ్వండి.

రాయించేటప్పుడు మెల్లగా, నొక్కకుండా రాయమని చెప్పండి. ముందు ఒక పనికిరాని ముక్క మీద చేయి అలవాటు చేసుకోనివ్వండి. తప్పు పడితే మార్చడానికి కొన్ని ముక్కలు అదనంగా కత్తిరించి ఉంచండి. దూరాన ఉన్నవాళ్లకు ముక్క పంపిస్తుంటే అదే కవరులో పరీక్షించిన పెన్ను కూడా పెట్టండి. పెన్ను లేకుండా గుడ్డ ఒక్కటే వెళ్తే, వాళ్లు చేతికి అందిన పెన్నుతో రాసి పంపేస్తారు.