తల్లిపాల పాఠాలు – 3: చేత్తో పాలు పిండడం

పోయిన పాఠం చదివి బిడ్డకు రొమ్ము పట్టించిన తల్లుల్లో చాలామంది ఒకే దగ్గర ఆగిపోయారు. "మొదటి రెండు రోజులు చక్కగా పట్టింది. పాలు పడ్డాకే జారిపోతోంది. నోట్లో పెట్టగానే వదిలేసి ఏడుస్తోంది" అంటున్నారు. అందుకే ఈ పాఠం అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను. చేత్తో పాలు పిండడం వస్తే ఈ చిక్కు సగం విడిపోతుంది.

కాన్పయిన రెండో రోజుకూ ఐదో రోజుకూ మధ్య పాలు నిండుగా దిగుతాయి. పాలతో పాటు రొమ్ములోకి రక్తం, నీరు కూడా ఎక్కువగా చేరతాయి. కాన్పు సమయంలో సెలైన్ ఎక్కువ ఎక్కించినవాళ్ళకు ఈ వాపు ఇంకాస్త ఎక్కువ. చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం బిగుసుకుపోతుంది, మొన అణిగిపోతుంది. బిడ్డ నోరు ఎంత తెరిచినా పట్టుకోవడానికి ఏమీ అందదు. చివరికి మొన ఒక్కటే చిగుళ్ళ మధ్య నలిగి చిట్లుతుంది. తల్లికి నొప్పి, బిడ్డకు ఆకలి. పట్టించే పద్ధతిలో తప్పేమీ లేదు, రొమ్ము సిద్ధంగా లేదు, అంతే.

పట్టించే ముందు ప్రతిసారీ నల్లటి భాగాన్ని వేలితో నొక్కి చూడండి. మీ ముక్కు కొన అంత మెత్తగా ఉంటే నేరుగా పట్టించవచ్చు. నుదురంత గట్టిగా ఉంటే ముందు మెత్తబరచాలి. అయిదు వేళ్ళ కొసలనూ మొన చుట్టూ ఆనించి, ఛాతీ వైపు నెమ్మదిగా నొక్కి, ఒక నిమిషం అలాగే ఉంచండి. గోళ్ళు కత్తిరించుకోండి. వాపు కొంచెం వెనక్కి జరిగి, మొన చుట్టూ మెత్తబడుతుంది. ఆ తర్వాత కింద చెప్పిన పద్ధతిలో కాసిని పాలు పిండి, వెంటనే పట్టించండి.

ఇంకో రెండు సంగతులు. పాలు తాగేటప్పుడు బిడ్డ ముక్కు మూసుకుపోతుందని చాలామంది రొమ్మును వేలితో పైనుంచి నొక్కి పట్టుకుంటున్నారు. అలా చేస్తే రొమ్ము బిడ్డ నోట్లోంచి బయటికి జారుతుంది. వేలు తీసేసి, బిడ్డ పిర్రలను మీ పొట్టకు ఇంకాస్త దగ్గరకు లాక్కోండి. తల కొంచెం వెనక్కి వాలి, ముక్కు తనంతట తానే తెరుచుకుంటుంది. సిజేరియన్ అయినవాళ్ళు బిడ్డను పొట్ట మీద మోయలేకపోతే, కాళ్ళు మీ వీపు వైపు ఉండేలా చంక కింద దిండు మీద పెట్టుకోండి. కుట్ల మీద బరువు పడదు.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతున్న విషయం. రొమ్ము పట్టక బిడ్డ ఏడుస్తుంటే, ఇంట్లోవాళ్ళో చూడ్డానికి వచ్చిన చుట్టమో రొమ్ము ఒకసారి పిండి చూసి "ఏదీ, చుక్కయినా రావట్లేదే, పాలు పడలేదు" అనేస్తున్నారు. సాయంత్రానికల్లా డబ్బా పాలు వచ్చేస్తున్నాయి. దయచేసి ఈ పరీక్ష ఎవరినీ చేయనివ్వకండి. మీరూ చేసుకోకండి. పిండితే ఎంత వచ్చిందన్నది మీకు ఎన్ని పాలున్నాయో చెప్పదు.

ఎందుకంటే, పాలు ధారగా రావాలంటే చేపు రావాలి, అంటే పాలు వాటంతటవే మొనలోకి దిగాలి. బిడ్డ చీకుతున్నప్పుడు, బిడ్డ వాసన తగిలినప్పుడు, మనసు కుదుటపడినప్పుడు ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై చేపు తెస్తుంది. నలుగురి ముందు, నొప్పిలో, టెన్షన్‌లో ఉన్న తల్లి రొమ్మును ఇంకొకరు పిండితే చేపు ఎలా వస్తుంది? పైగా చాలామంది మొననే పట్టుకుని లాగుతారు. మొనలో పాలు ఉండవు, పాలగొట్టాలు నల్లటి భాగం వెనకాల ఉంటాయి.

మొదటి రోజుల లెక్క వేరు. అప్పుడు వచ్చేవి ముర్రుపాలు, చిక్కగా, పసుపుగా, చుక్కలు చుక్కలుగా వస్తాయి. మొదటి రోజు బిడ్డకు తాగిన ప్రతిసారీ చెంచాడు సరిపోతాయి. గిన్నెలో చెంచాడు పాలు చూసి గుండె జారిపోయే తల్లికి, బిడ్డకు కావలసినంత వచ్చిందని చెప్పేవాళ్ళు పక్కన ఉండాలి.

పంపు సంగతీ అంతే. చక్కగా బరువు పెరుగుతున్న బిడ్డ తల్లికి కూడా పంపులో ఒక్కోసారి కాసినే పాలు పడతాయి. బిడ్డ నోరు తీసినంత బాగా పంపు తీయలేదు. కొన్ని వారాలయ్యాక రొమ్ములు మెత్తబడితే పాలు తగ్గాయనుకోవడమూ పొరపాటే. బిడ్డ అవసరానికి తగ్గట్టు శరీరం సర్దుకుందని దాని అర్థం. సాయంత్రంపూట గంటకోసారి అడుగుతోందంటే పాలు చాలట్లేదనీ అనుకోకండి. పసిబిడ్డలు ఆ వేళ అలాగే మాటిమాటికీ తాగుతారు. పాలిచ్చాక డబ్బా పాలు పెడితే గటగటా తాగేసిందని రుజువు చూపిస్తారు కొందరు. సీసాలోంచి పాలు వాటంతటవే పడుతుంటే పసిబిడ్డ మింగకుండా ఉండలేదు. అది ఆకలికి కొలత కాదు.

మరి దేన్ని చూడాలి? ఐదో రోజు నుంచి రోజుకు ఆరుసార్లయినా ఒంటికి పోయాలి. నల్లటి దొడ్డి అప్పటికి పసుపు రంగులోకి మారాలి. తాగేటప్పుడు గుటక వినిపించాలి. పుట్టిన బరువులో 7 నుంచి 10 శాతం వరకూ మొదటి రోజుల్లో తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా తిరిగి రావాలి. ఈ లెక్క తప్పినా, బిడ్డ లేపినా లేవకుండా మగతగా ఉన్నా డాక్టరు దగ్గరికి వెంటనే వెళ్ళండి. డబ్బా పాలు అవసరమని డాక్టరు బరువు చూసి చెబితే అది వేరే మాట, అప్పుడు వాడండి. ఊరికే మొదలుపెడితే మాత్రం బిడ్డ ఎక్కువసేపు నిద్రపోతుంది, రొమ్ము ఖాళీ కాదు, ఖాళీ కాని రొమ్ములో పాల తయారీ తగ్గుతుంది. మనదేశంలో 1992 నాటి చట్టం ప్రకారం ఆ డబ్బా మీద తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమని అచ్చు వేయాల్సిందే. కొనేముందు ఆ వాక్యం ఇంట్లోవాళ్ళకు చదివి వినిపించండి.

ఇప్పుడు పిండడం. చేతులు కడుక్కోవడం, శుభ్రమైన గిన్నె తీసుకోవడం మీకు తెలిసినవే. నేను వెడల్పు మూతి ఉన్న స్టీలు గిన్నె తీసుకోమంటాను. మరగబెట్టడం తేలిక, చుక్క పక్కకు పోదు. పంపు కొనడానికి తొందరపడొద్దు. మొదటి వారంలో చెయ్యే మేలు, ముర్రుపాలు పంపు గొట్టానికే అంటుకుపోతాయి.

బిడ్డను పక్కనే పడుకోబెట్టుకోండి. గోరువెచ్చని తడిగుడ్డ రెండు నిమిషాలు రొమ్ము మీద వేసి, అరచేత్తో పైపైన నిమరండి. గట్టిగా పిసకవద్దు, ఎవరినీ పిసకనివ్వొద్దు. గడ్డలు కరగాలని పిండి పిసికినట్టు పిసికితే లోపల వాపు పెరుగుతుంది.

బొటనవేలు మొనకు పైన, చూపుడువేలు కింద, ఒక్కొక్కటీ మొనకు మూడు సెంటీమీటర్ల దూరంలో ఆనించండి. మొదట రెండు వేళ్ళనూ ఛాతీ వైపు వెనక్కి నొక్కండి. తర్వాత ఒకదాని వైపు ఒకటి తెచ్చి నొక్కండి. వదలండి. మళ్ళీ వెనక్కి, దగ్గరికి, వదలండి. వేళ్ళు చర్మం మీద జారకూడదు, జారితే చర్మం మండుతుంది. మొదటి నిమిషం ఏమీ రాకపోవచ్చు, ఆపకండి. చుక్కలు మొదలై, చేపు వచ్చాక సన్నటి ధారలు పడతాయి. ధార తగ్గగానే వేళ్ళను గడియారం ముల్లులా కొంచెం పక్కకు తిప్పి, ఇంకో చోట నొక్కండి. రెండో రొమ్ముకు మారండి, మళ్ళీ మొదటిదానికి రండి. నొప్పి పుడితే వేళ్ళ చోటు తప్పిందని గ్రహించండి.

బిగుతు తగ్గించడానికి పిండుతుంటే మెత్తబడగానే ఆపేయండి. అంతకు మించి ఖాళీ చేస్తే శరీరం ఇంకా ఎక్కువ పాలు తయారుచేసి, రేపు మళ్ళీ అదే బిగుతు వస్తుంది. తర్వాత చల్లటి తడిగుడ్డ వేసుకుంటే హాయిగా ఉంటుంది. ఒకచోట ఎర్రబడి వేడిగా ఉండి, జ్వరం కూడా వస్తే డాక్టరుకు చూపించుకోండి. ఆ రొమ్ము పాలు ఇవ్వడం మాత్రం మానకండి.

పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టండి. బిడ్డను కూర్చోబెట్టినట్టు పట్టుకుని, గిన్నె అంచు కింది పెదవికి ఆనించి, తనే చప్పరించేలా కొద్దికొద్దిగా వంచండి. గొంతులో పోయకూడదు. దాచాలంటే, చల్లటి గదిలో నాలుగు గంటలు నిలవ ఉంటాయి. మన ఎండాకాలంలో అంతసేపు నమ్మొద్దు, పిండగానే ఫ్రిజ్ లోపలి అరలో పెట్టండి, నాలుగు రోజుల్లోపు వాడేయండి. పైన మీగడలా తేలితే పాడయినట్టు కాదు. గిన్నెను వేడినీళ్ళలో ఉంచి గోరువెచ్చగా చేయండి. పొయ్యి మీద కాచొద్దు, మైక్రోవేవ్‌లో పెట్టొద్దు.

అభ్యాసం: మూడు రోజుల పాటు, రాత్రిళ్ళు కూడా, ప్రతిసారి పట్టించే ముందు ముక్కు–నుదురు పరీక్ష చేయండి. గట్టిగా ఉంటే మెత్తబరచి పట్టించండి. ఒక కాగితం మీద వేళ, రొమ్ము మెత్తగా ఉందో గట్టిగా ఉందో, బిడ్డ ఎన్నిసార్లు ఒంటికి పోసిందో రాయండి. రాయడానికి మీకు ఓపిక ఉండదు కాబట్టి ఆ పని బిడ్డ తండ్రికి అప్పగించండి. ఎన్ని పాలు పిండారన్నది మాత్రం ఆ కాగితం మీద రాయొద్దు. గర్భిణులు డాక్టరును అడక్కుండా చేత్తో పాలు పిండడం చేయకూడదు.

వచ్చే పాఠం ఉద్యోగానికి తిరిగి వెళ్ళే తల్లుల కోసం. ఆ కాగితం దగ్గర పెట్టుకునే చదవండి.